కోదాడ బస్టాండులో కలిసినామె

కోదాడ బస్టాండులో బెంచీ కింద నల్లసంచి ఒకటి చాలాసేపటి నుంచి అలాగే ఉంది.

అడిగితే అందరూ తమది కాదన్నారు.

సూర్యాపేటలో కానిస్టేబుల్‌గా పనిచేసే శ్రీజ ఆ రోజు సెలవులో ఉంది. తల్లి బుచ్చమ్మతో చుట్టాలింటికి వచ్చి, తిరుగు బస్సు కోసం చూస్తోంది. సంచి మూతిలోంచి రెండు వైర్లు బయటికి కనిపించేసరికి ఆమె ముఖం మారింది.

"అమ్మా, నువ్వు గా గోడ అవతలికి పో."

"మరి నువ్వు?"

"అందర్ని పంపి వస్త."

బుచ్చమ్మ కూతుర్ని వదిలి కదలలేదు. పక్కనున్న ముసలామె ఒకతె ఆమె చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

"అద్దాల కాడ నిలబడొద్దు చెల్లె. గోడ సాటుకు రా."

శ్రీజ జనాన్ని దూరం పంపి ఫోన్ చేసింది. సూర్యాపేట నుంచి బాంబ్ స్క్వాడ్ వచ్చేసరికి గంట పట్టింది. కుక్క వాసన చూసింది. బరువైన సూటు తొడుక్కుని ఒకతను వెళ్లి నిదానంగా సంచి విప్పాడు.

రెండు మిక్సీ జార్లు, ఒక ఫ్యాను మోటారు. ఎవరో రిపేరుకని తెచ్చి మరిచిపోయారు.

జనం ఘొల్లున నవ్వారు.

"మిక్సీ జార్లకి ఇంత హడావుడి చేశావేంటమ్మా?" అన్నాడొకాయన బస్సెక్కుతూ.

శ్రీజ తలవంచుకుంది. బుచ్చమ్మకు మాత్రం నవ్వు రాలేదు. కూతురి దగ్గరికి వచ్చి మెల్లగా అంది.

"గా ట్రైనింగు కాయితం మీద సంతకం పెట్టకు."

బాంబ్ స్క్వాడ్ శిక్షణకు శ్రీజ పేరు వచ్చి వారమైంది. ఇష్టమో కాదో సోమవారంలోగా రాసివ్వాలి.

"బాంబులు తీసుడొక్కటే కాదమ్మా. పేలినంక ముక్కలేరి, ఎవడు చేసిండో పట్టుడు గూడ నేర్పుతరు. నాకు గది నేర్సుకోవాల్నని ఉంది."

"నువ్వు గా సంచి కాడ ఉన్నంతసేపు నా పానం పానంల లేదు. నాకున్నది నువ్వొక్కదానివే."

 తల్లి కాదంటే మానుకోవాలనే అనుకుంది శ్రీజ.

ముసలామె అక్కడే ఉంది. అంతా విన్నది.

"ఏమనుకోకు చెల్లె. గా జనాన్ని సూడు. నవ్వుకుంట ఇండ్లకు పోతున్నరు. గీ పనికి గదే కూలి."

"నిజంగ బాంబే అయితే ఎట్లుండె అక్కా?"

"అప్పుడైనా ఎవరో ఒకరు పోవాల్నాయె. నేర్వనోళ్లు పోయేకంటె నేర్సినోళ్లు పోవుడు మంచిది గదా."

"చెప్పుడు అల్కనే. కన్న కడుపుకు తెలుస్తది."

"నా కొడుకుది గూడ గిదే పని."

బుచ్చమ్మ ఆమెను తేరిపార చూసింది.

"మరి నీకు బయం కాదా?"

"మొదట్ల మస్తు బయపడ్డ. ఇగ నాకేం బయం?"

ఆ మాట ఎంత నిమ్మళంగా వచ్చిందంటే, బుచ్చమ్మ గుండె మీది బరువు సగం దిగిపోయింది.

ముసలామె శ్రీజ రెండు చేతులూ పట్టుకుని కాసేపు వదల్లేదు.

"నిదానంగ చెయ్యి బిడ్డా. ఎవరు నవ్వినా, ఎవరు తిట్టినా తొందరపడకు."

అంతలో మిర్యాలగూడ బస్సు వచ్చింది.

"మాది త్రిపురారం. సువర్ణ అంటె ఎవరైన చెప్తరు" అంటూ ఎక్కేసింది.

సోమవారం శ్రీజ సంతకం పెట్టింది. పెన్ను అందించింది బుచ్చమ్మే.

శిక్షణ ముగించుకుని శ్రీజ స్క్వాడ్‌లో చేరిన మూడో నెలలో మిర్యాలగూడ దగ్గరి ఒక ఊరి నుంచి కబురొచ్చింది. అడవిపందుల కోసం ఎవరో పెట్టిన నాటుబాంబు పొలం గట్టున కూలీల కంటపడింది. శ్రీజ సూటు తొడుక్కుని వెళ్లింది. గట్టు మీద నిలబడ్డ ఆసామి తొందరపెట్టినా ఆమె తొందరపడలేదు. దాన్ని నిర్వీర్యం చేసి, ముక్కలన్నీ సంచుల్లో వేసి, ఎవరు చేశారో కూపీ లాగడానికి తీసుకొచ్చింది. నాటుకు వచ్చిన పన్నెండు మంది ఆడవాళ్లు సాయంత్రం దాకా నాట్లేసి ఇళ్లకు పోయారు.

ఆ సంగతి విని బుచ్చమ్మ మంచి చీర ఒకటి కొన్నది.

"గా అక్కను చూసొద్దాం పా. ఆమె చెప్పకుంటె నిన్ను పంపేదాన్నే కాదు."

త్రిపురారంలో ఇల్లు దొరకడం కష్టం కాలేదు. సువర్ణ కోడలు వసంత తలుపు తీసింది.

"అత్తమ్మ పోయి రెండు నెల్లయింది" అంది.

బుచ్చమ్మ చీరను ఒళ్లో పెట్టుకుని గడప దగ్గరే కూలబడింది. కోదాడలో జరిగిందంతా శ్రీజే చెప్పింది.

వసంత కళ్లు నిండాయి.

"మీరేనా? ఆ దినం ఇంటికి రాంగనే చెప్పింది. 'ఒక పిల్లను మనోని పనికి తోలొచ్చిన వసంతా' అని. శానా రోజులకు ఆ పూట కడుపునిండ తిన్నది."

బుచ్చమ్మ కళ్లు తుడుచుకుంది.

"మీ ఆయన డ్యూటీకి పోయిండా బిడ్డా? ఆయనకన్న చెప్పిపోతం, నా బిడ్డ బతుకు మీ అమ్మ చలువే అని."

 వసంత వాళ్లను లోపలికి తీసుకుపోయింది.

గోడ మీద సువర్ణ ఫొటో పక్కన బాంబ్ స్క్వాడ్ యూనిఫాంలో ఉన్న ఆమె కొడుకు ఫొటోకు రంగు వెలిసిన దండ వేలాడుతోంది. దాని కింద రాసిన తేదీ, ఆమె కోదాడలో బుచ్చమ్మకు ధైర్యం చెప్పిన రోజుకు నాలుగేళ్ల ముందుది.