ఉడుత మీద తాబేలు తాత అలక

మడుగు గట్టున రోజూ పొద్దువాలాక గోరింక దొంగల కథ చెప్పేది. వినేవాళ్లు ఊ కొడితేనే కథ నడవాలి, అదీ అక్కడి కట్టుబాటు. కథలో దొంగల్ని పట్టేది ముంగిస. ఈ వారం కథలో కొంగ గుడ్లు మాయమైతే, గోరింక ముంగిసకు సాయంగా కొత్తగా ఓ ఉడుత పిల్లను దింపింది.

తాబేలు తాతకు ఒళ్లు మండింది. "మా ముంగిస మట్టి వాసన చూసి దొంగ పేరు చెప్పేవాడు! ఈ తోక ఊపుడు పిల్ల ఎందుకు మధ్యలో? ఎవరూ ఊ కొట్టొద్దు!"

గట్టు మీద ఒక్కరూ ఊ కొట్టలేదు.

"అయితే కథ ఇంతటితో సరి," అని గోరింక రెక్క విప్పింది.

తాత కంగారుపడ్డాడు. బామ్మ పోయాక ఆయన సాయంత్రాలకు ఆ కథే తోడు.

కప్ప కన్ను గీటింది. "తాతా, ముంగిస కథలోకి వచ్చిన కొత్తలో బామ్మ కూడా అలిగిందటగా? దొంగల్ని పట్టడానికి పాత కుక్కే కావాలని?"

"నాలుగు రోజులు!" తాత నవ్వేశాడు. "తర్వాత కథలో ముంగిస కాలు విరిగితే వెక్కి వెక్కి ఏడ్చిందీ ఆవిడే."

 తాత గోరింక వైపు మెడ బారెడు చాచాడు.

"ఎక్కడికే గోరింకా, కూచో. ఆ ఉడుత పిల్ల చెట్టెక్కి ఏం చూసిందట?"