ఇంకో రెండు చుట్లు

ఆయన షాపులోకి వచ్చి పావుగంట కూడా కాలేదు. అప్పుడే షాపు ఆవిడకు ఒంటి మీద జెర్రులు పాకుతున్నట్టుగా ఉంది.

"పోయినసారి మేం నాలుగో బోయ దగ్గర పడిపోయామండీ," అంటున్నాడాయన. "ఈసారి అలా కుదరదు. కాళ్ళు అంగుళం కదలకుండా పట్టే బైండింగ్‌లు చూపించండి."

మేం అంటే ఆయన కాదు, పక్కన స్టూలు మీద కూర్చున్న పద్నాలుగేళ్ళ కూతురు. ఆయన కాళ్ళు ఏనాడూ తడిసిన దాఖలా లేదు. పడవ లాగుతుంటే తాడు పట్టుకుని, ఒకే ఒక్క స్కీ పలక మీద రెండు పాదాలూ ఒకదాని వెనక ఒకటి బిగించుకుని, నీళ్ళ మీద తేలే బోయల చుట్టూ వంకర్లు తిరుగుతూ పోవలసింది ఆ పిల్ల. ఒడ్డున నిలబడి గొంతు చించుకునేది ఈయన. పడితే మాత్రం ఇద్దరూ పడ్డట్టు లెక్క.

ఆవిడ కింద కూర్చుని పిల్ల పాదాలు చేతుల్లోకి తీసుకుంది. బూటులోకి జారడానికి సబ్బునీళ్ళు రాయబోయి ఆగిపోయింది. బొటనవేలి గోరు నల్లగా కమిలిపోయి ఉంది. మడమ మీద పాత పుండు మానకముందే కొత్తది లేచింది. ఎన్నాళ్ళయిందని పిల్లను అడిగితే తండ్రి జవాబు చెప్పాడు, అదేం పెద్ద విషయం కాదని, మాకు అలవాటేనని. నోట్లో బబుల్‌గమ్ నములుతూనే చెప్పాడు. ఆ చప్పుడు వింటూనే ఆవిడ పుండు తప్పించి సబ్బునీళ్ళు రాసింది.

ముందు కాలికి మెత్తటి రబ్బరు బూటు, వెనక కాలికి వేళ్ళ మీదుగా ఒక పట్టీ. ఈ వయసుకి అవే సరిపోతాయని, పడ్డప్పుడు రెండు పాదాలూ తేలిగ్గా బయటికి వచ్చేస్తాయని ఆవిడ చెప్పింది. ఆయన వాటి వంక చూడనైనా చూడలేదు. గోడకు వేలాడుతున్న గట్టి బూట్ల జత చూపించాడు. పెద్దవాళ్ళు పెద్ద పోటీల్లో వాడేవి అవి. పడ్డ ఊపుకి బూటు స్కీ నుంచి ఊడి రావడానికి వాటికో స్క్రూ ఉంటుంది. దాన్ని బిగించేకొద్దీ బూటు ఊడటం కష్టమవుతుంది.

ఆ సంగతి ఆయనకు బాగానే తెలుసు. కూతురి పాదం తనే లాక్కుని అందులోకి కుక్కాడు, నిండిన సంచిలోకి ఇంకో సొరకాయ కుక్కినట్టు. పిల్ల పెదవి కొరుక్కుంది. ఛీ, వీడూ ఒక తండ్రేనా అనుకుంది ఆవిడ.

"ఇంకో రెండు చుట్లు బిగిస్తే సరి," అన్నాడు, బల్ల మీది స్క్రూడ్రైవర్ ఆవిడ వైపు తోస్తూ.

ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. కొలతలు చూడటం వరకే తన పని అనీ, బిగించేది లోపలి గదిలో ఉన్న మెకానిక్ అనీ చెప్పింది. ఆ తర్వాత ఉండబట్టలేకపోయింది.

"ఇలాగే రెండు చుట్లు బిగించిన తల్లి ఒకామె నాకు తెలుసండీ," అంది.

ఆ తల్లీ ఇలాగే కూతుర్ని వెంటేసుకుని పోటీల చుట్టూ తిరిగేదట. ఆమెదీ మేం భాషే. మేం గెలిచాం, మేం ఓడాం, మాకు జ్వరం వచ్చినా ప్రాక్టీసు మానలేదు. బైండింగ్‌లు అమ్మినతను స్క్రూ సరిగ్గానే పెట్టి ఇచ్చాడు. పోటీ రోజు పొద్దున, పిల్ల బట్టలు మార్చుకుని వచ్చేలోగా, ఆ మహాతల్లి ముందు బూటుకి ఇంకో రెండు చుట్లు బిగించింది. పిల్లకు మాటమాత్రమైనా చెప్పలేదు. మూడో బోయ దగ్గర పిల్ల పడింది. వెనక కాలు బయటికి వచ్చింది. ముందు కాలు రాలేదు. స్కీ గిర్రున తిరిగింది, దానితోపాటు కాలూ తిరిగింది.

"పడవలోకి ఎక్కించేసరికి పాదం వెనక్కి చూస్తోంది," అంది ఆవిడ. "అప్పుడు ఆ తల్లి అడిగిన మొదటి మాట ఏంటో తెలుసా? మూడో బోయ లెక్కలోకి వస్తుందా, రాదా అని."

బబుల్‌గమ్ చప్పుడు ఆగింది.

ఆ తల్లి మొహాన ఉమ్మేయాలనిపిస్తుంది ఆవిడకు, ఇప్పటికీ. తెల్లారి లేస్తే ఆ మొహమే చూడాలి, అదీ ఖర్మ. అన్నం ముందు కూర్చున్నప్పుడు గుర్తొస్తే ముద్ద దిగదు. పైగా ఆ రోజు నలుగురూ చేరి ఆ తల్లినే ఓదార్చారు, పాపం అన్నారు. అది తలుచుకుంటే మరీ రోత.

"నాన్నా, నాకు రబ్బరుదే బాగుంది," అంది పిల్ల. షాపులోకి వచ్చాక నోరు విప్పడం అదే మొదలు.

ఆయన ఒంగి గట్టి బూటు ఊడదీయబోయాడు. రాలేదు. ఇంకొంచెం సబ్బునీళ్ళు పోసి ఆవిడే నెమ్మదిగా లాగింది. పిల్ల మడమ దగ్గర చర్మం లేచిపోయి ఉంది. ఆయన దాని వంక చూసి, ఆ రబ్బరువే ఇచ్చేయండి అన్నాడు, గొంతు తగ్గించి.

ఆవిడ రబ్బరు బూటు, పట్టీ స్కీ మీద సర్ది లోపలికి కేకేసింది.

"ఇంతకీ ఆ తల్లి ఇప్పుడేం చేస్తోందండీ?" అని అడిగాడాయన.

"ఏం చేస్తుంది? సిగ్గులేకుండా బతికేస్తోంది."

లోపలి గది తలుపు తీసుకుని కుంటుకుంటూ వచ్చిన మెకానిక్ ఆవిడ చేతిలోంచి స్కీ అందుకుని, "నువ్వు వెళ్ళి కూర్చో అమ్మా, స్క్రూలు నేను బిగిస్తాను," అంది.