వేళాకోళం వరస

"ఒసేయ్ బానిసా! దిగు. నాకు మంచినీళ్ళు పట్రా."

టెకిమాన్‌లో బండి ఆగగానే వెనకసీటు ముసలాయన కేకేశాడు.

పస్కలీనా ఒళ్ళో నెల నిండని బిడ్డ. కుమాసీలో పురుడైంది. పిల్లని తన నాయనమ్మకి చూపిద్దామని ఉత్తరాన పుట్టినూరు జిరాపాకి పోతోంది. పొద్దున్నించీ ఎడమ పిక్క లాగుతోంది.

"కాళ్ళు లేవా నీకు?"

"బానిసని పెట్టుకుని నా కాళ్ళు అరగదీసుకోవాలా? నేను ఫ్రాఫ్రావాణ్ణి. నువ్వు దగాబా పిల్లవి. మా కుక్క తలకాయ దొంగిలించి తిన్నది మీ తాతేగా!"

బండంతా నవ్వింది. పస్కలీనాకీ నవ్వాగలేదు. ఫ్రాఫ్రా తెగకీ దగాబా తెగకీ తాతలనాటి వేళాకోళం వరస. ఎంత మాటైనా అనుకోవచ్చు, ఏ పనైనా చెప్పుకోవచ్చు. కోపం తెచ్చుకున్నవాళ్ళ పరువే పోతుంది.

"తలకాయెక్కడిది తాతా? మీవాళ్ళు మిగిల్చింది తోకేనట!" అంటూ బిడ్డని పక్కావిడకిచ్చి దిగింది.

తీరా తెస్తే ఆయన తాగలేదు.

"విషం కలిపావేమో! నువ్వే తాగు."

"వద్దు తాతా. తాగితే దారిలో బండి ఆపమనాలి. సిగ్గు."

"తాగవే!"

తాగింది.

ఇక ప్రతి ఊళ్ళోనూ అదే గోల. వెంచీలో వేరుశెనక్కాయలు. బాంబోయిలో వేయించిన చేప. ఏమీ అక్కర్లేని చోట, "బండికి చక్రాలున్నాయో లేదో చుట్టూ తిరిగి చూసి రా!" ఎన్నిసార్లు ఆపించినా డ్రైవర్ ఇషాకా కిక్కురుమనలేదు.

బోలే దాటేసరికి పస్కలీనాకి ఒళ్ళు మండింది. వచ్చిన నాలుగు ఫ్రాఫ్రా తిట్లూ తిట్టింది.

ముసలాయన దిక్కులు చూశాడు.

"ట్వీ భాషలో తిట్టవే. బండిలో అందరికీ అర్థం కావద్దూ?"

జిరాపాలో నాయనమ్మ బండి దగ్గరికే ఎదురొచ్చింది. బిడ్డని ముద్దాడి, మనవరాలి కాలు చూసి లబలబలాడింది.

"పిక్క ఇంత వాచిందేమిటే! పద, వేన్నీళ్ళు పోసి షియా గింజల వెన్నతో గట్టిగా మర్దనా చేస్తాను."

అక్కడ ఏ బాలింతకైనా అదే వైద్యం.

ముసలాయన అడ్డొచ్చాడు. ఈసారి మొహంలో నవ్వు లేదు.

"ఏయ్ ముసలీ! నా బానిస కాలు నాది. దాని మీద చెయ్యి వేశావో, మీ వంశమంతా మా కుక్కల్ని కాయాలి. ముందు ఆస్పత్రిలో చూపించు."

నాయనమ్మ పడీ పడీ నవ్వింది.

"ఫ్రాఫ్రావాడి మాట కాదంటే, రేపు నేను పోయినప్పుడు వరసని అడ్డుపడి నా శవాన్ని లేవనివ్వడు! పదవే, చూపిద్దాం."

పిక్కలో రక్తం గడ్డకట్టిందన్నాడు డాక్టరు.

"మర్దనా చేసుంటే అది కదిలి ఊపిరితిత్తుల్లోకి పోయేదేమో. దారిలో దిగి తిరిగావు కాబట్టి సరిపోయింది. కదలకుండా వచ్చుంటే ఇంకా ముదిరేది."

నాయనమ్మ బిడ్డని గుండెకి హత్తుకుని బావురుమంది.

గండం గడిచాక, బలిసిన గిన్నీకోడిని సంకన పెట్టుకుని బండ్ల అడ్డాకి వెళ్ళింది.

"ఆ ఫ్రాఫ్రా దొంగ సచ్చినాడేడీ? వాడి నోట్లో ఇది కుక్కాలి. వాడు చల్లగా ఉండాలి!"

ఇషాకా తల దించుకున్నాడు.

"ఆ రోజే వెళ్ళిపోయాడవ్వా. ఏ ఊరో చెప్పలేదు."

"ఫ్రాఫ్రా ఊళ్ళన్నీ గాలిస్తాను!"

"దొరకడు. ఆయన ఫ్రాఫ్రా కాదు. సముద్రం వైపు ఎవే తెగ మనిషి. అసలు ఎక్కాల్సింది దక్షిణాన అక్రాకి పోయే బండి. కుమాసీలో నీ మనవరాలు కాలీడుస్తూ ఎక్కడం చూసి నా దగ్గరికొచ్చాడు. చావుమాటెత్తితే బాలింత బెదురుతుంది, ఎవరు పని చెప్తే ఈ పిల్ల కోపం లేకుండా చేస్తుందని అడిగాడు. ఫ్రాఫ్రావాడైతేనే అన్నాను."

ఇషాకా బండి వెనకసీటు వైపు చూశాడు.

"'మా అమ్మాయి ఇలాగే చంటిబిడ్డతో కదలకుండా కూర్చుని వచ్చి, ఇల్లు చేరి కాలికి మర్దనా చేయించుకున్నాక దక్కలేదు, దాన్ని దిగమనేవాళ్ళే లేకపోయారు, ఈ పూటకి నేను ఫ్రాఫ్రావాణ్ణే' అన్నాడవ్వా."