సమతాగీతానికి మేకప్పు

"నువ్వు తెర వెనకాల నిలబడి పాడు మే. స్టేజీ మీదికి మా మునిలక్ష్మి పోతాది" అన్నాడు బాలసుబ్రమణ్యం.

జ్ఞానాంబ ఆయనకు ఎదురొచ్చింది. "పాట నాది కదా సామీ? నెల దినాలు నేర్చుకున్నాను. నన్ను సూడాలని మా యమ్మ గూడా వచ్చి కూర్చోనుండాది."

"గొంతు నీదేలే, ఎవురు కాదన్నారు? మొగం మాత్రం మా పాపది. నువ్వు మరీ నల్లగా ఉండావు. రేపు పేపర్లో ఫోటో పడాలా, వద్దా?"

చిత్తూరులో మామిడికాయల మండీ నడిపే బాలసుబ్రమణ్యం విశ్వమానవ సమితికి అధ్యక్షుడు కూడా. ఆఫ్రికాలో తెల్లవాళ్లు నల్లవాళ్లను పెట్టే బాధలు పేపర్లో చదివి, పాపం, రెండు పూటలు అన్నం మానేసి టిఫినుతో సరిపెట్టుకున్నాడు. ఉపన్యాసాలకు జనం లేచిపోతారనీ, సినిమా బాణీలో పాడితేనే సమానత్వం తలకెక్కుతుందనీ ఆయన నమ్మకం. అందుకే ఆర్కెస్ట్రా పిలిపించి, 'రంగులేవైనా రక్తమొక్కటే' అని ఒక పాట రాయించాడు. ఊరంతా వెతికితే అది పాడగల గొంతు కూలికి పోయే మునెమ్మ కూతురు జ్ఞానాంబకే ఉంది. ఖర్మ, ఏం చేస్తాడు!

పాట నల్లవాళ్ల గురించి కదా! దబ్బపండు ఛాయ మునిలక్ష్మికీ, కోరస్ పాడే మండీ గుమాస్తాలకూ నాటకాల మేకప్ చెంగల్రాయుడు నల్లరంగు దట్టంగా పూస్తున్నాడు.

"నల్లోళ్లే కావాలంటే నేనుండాను కదా సామీ?" అంది జ్ఞానాంబ.

"నీకు తెలీదు మే. నీది ఉత్త నలుపు. ఇది కళ!"

"నాయనా, మొగం మండతా ఉండాది" అని మునిలక్ష్మి ఏడుపు లంకించుకుంది.

"ఓర్చుకోమ్మా. ఆఫ్రికాలో వాళ్లు ఎంత ఓర్చుకుంటా ఉండారో పాపం!"

గుమ్మం దగ్గర పొడవాటి మనిషి ఒకడు ఊరికే నిలబడి ఇదంతా చూస్తున్నాడు. బాలసుబ్రమణ్యం వాణ్ణి ఎగాదిగా చూసి మురిసిపోయాడు.

"శభాష్ చెంగల్రాయా! అందరిలోకీ వీడికి బాగా పట్టిందప్పా రంగు."

పూసిన గుర్తు లేకపోయినా, మెచ్చుకుంటే కాదనే అలవాటు చెంగల్రాయుడికి లేదు. "అంతా మీ దయ సామీ" అన్నాడు.

"ఏం రా, సూస్తా నిలబడితే ఎట్ల? ఆ హార్మోనియం ఎత్తుకోని తెర వెనక్కి పో!"

ఆ మనిషి కళ్లు తుడుచుకుంటున్న జ్ఞానాంబ వైపు ఒకసారి చూసి, హార్మోనియం ఎత్తుకున్నాడు.

బాలసుబ్రమణ్యం మైకు అందుకున్నాడు. "తిరుపతిలో చదువుకుంటున్న ఫారిన్ దొరగారు నేటి మన ముఖ్య అతిథి. మన సెక్రటరీ వారిని పిలుచుకొచ్చేదానికి బస్టాండుకు పోయినాడు. వారికి కారం పడదని ఉప్మాలో మిరపకాయలు గూడా ఏరించినాం. ఈలోగా సమతాగీతం!"

తెర వెనక జ్ఞానాంబ గొంతెత్తింది. ముందు మునిలక్ష్మి పెదవులాడిస్తూ ఉంటే చెమటకు నలుపు కారి పచ్చటి చారలు బయటపడుతున్నాయి. వెనక నేల మీద కూర్చున్న మునెమ్మ మెడ చాచి చాచి వెతుక్కుంటోంది. "గొంతు మా బిడ్డదే. బిడ్డ యాడమ్మా?" అని పక్కామెను అడిగింది.

రెండో చరణం మధ్యలో తెర సర్రున పక్కకు తొలగింది. తాడు ఆ హార్మోనియం మనిషి చేతిలో ఉంది. కళ్లు మూసుకుని పాడుతున్న జ్ఞానాంబ అందరికీ కనిపించింది.

"అదో! అదో నా బిడ్డ!" అని మునెమ్మ లేచి అరిచింది. హాలంతా చప్పట్లతో దద్దరిల్లింది.

బాలసుబ్రమణ్యం ఒక్క అంగలో స్టేజీ ఎక్కి ఆ మనిషి కాలరు పట్టుకున్నాడు.

"దొర వచ్చే టయానికి నా పరువు తీస్తివి కదరా! పో, ముందు ఆ మొగం కడుక్కోని రా, నువ్వెవురో సూస్తాను!"

ఆ మనిషి నింపాదిగా కాలరు విడిపించుకుని, మైకు దగ్గరికి వంగి, అచ్చం తిరుపతి మాటలోనే అన్నాడు.

"ఇది కడిగితే పోదు సామీ, పుట్టినప్పుడు పూసింది. ఆ మిరపకాయల్లేని ఉప్మా నాకే."