అసలు పేరు

ఆదివారం వేషాల ఆట లేని అపార్ట్‌మెంటుకి అద్దెకు కూడా ఎవరూ రాని కాలమది. ఆట కళ్లజోడు పెట్టుకుంటే చాలు, పార్కింగ్ పాతాళమవుతుంది, లిఫ్టు మాయాద్వారమవుతుంది. ఈసారి ఎవరికి ఏ వేషమో తేల్చడానికి సెక్రటరీ హైమావతి మీటింగ్ పెట్టింది.

"నేను పిశాచిని," అన్నారు త్రీ నాట్ టూ ఫ్లాటాయన.

"పోయినసారీ మీరే కదండీ!" అన్నారు ఫోర్ నాట్ వన్ ఆవిడ.

గంట కొట్లాడుకున్నాక హైమావతితో కలిపి పదిహేడు పిశాచాలు తేలాయి. మామూలు మనిషి వేషానికి మాత్రం ఒక్కరూ ఒప్పుకోలేదు.

గోడమీది ఆటయంత్రం అందుకుంది. "అసలు పేరుతో పిలిస్తే పిశాచానికి సంకెళ్లు పడతాయి. కళ్లజోళ్లు పెట్టుకుని ఒకరినొకరు పిలవండి, చూద్దాం."

హైమావతి పక్కింటాయన వంక తిరిగి, "త్రీ నాట్ త్రీ గారూ..." అని నాలుక్కరుచుకుంది. పదేళ్లుగా అందరికీ అందరూ ఫ్లాటు నంబర్లే.

అంతలో ఇస్త్రీ చేసే ఆమె బట్టల మూటతో వచ్చింది. "సుధీర్ సార్, గివి మీ అంగీలు. వకుళమ్మా, నీ చీరలు," అంటూ పంచుతుంటే, పిలిచిన పదహారుమంది చేతులకూ కళ్లజోళ్లలో సంకెళ్లు మెరిశాయి.

"మనిషి దొరికింది. ఈమె పేరేమిటి?" అంది యంత్రం.

వేషాల చిట్టా రాస్తున్న హైమావతి హుషారుగా నోరు తెరిచింది. వారానికి రెండుసార్లు తను తలుపు తీసే మనిషే.

"ఇస్త్రీ..." అంది చివరికి.

"గట్లనే రాస్కో, హైమావతమ్మా," అంటూ ఆమె ఖాళీ మూటగుడ్డ దులిపి భుజాన వేసుకుంది.

పదిహేడో జత సంకెళ్లు పడ్డాయి.