ఇదే మొదటిది

బీరకాయ చెక్కు తీస్తూనే ప్రసూన ఆ రోజు పని మొదలుపెట్టింది. ‘చంద్రశిల’ మాయాకథల పుస్తకాలనూ, ఆటలనూ యంత్రాలు రాత్రికి రాత్రే తయారుచేసి పడేస్తాయి. వాటిలో ఏది ముందు జరిగిందో, ఏది తర్వాతో చూసి వరస పెట్టడం ఆమె ఉద్యోగం.

“మొదటిదేదో తేలిందా అమ్మాయ్?” అన్నాడు మామగారు నరహరి. మొదటినుంచి కాకపోతే ఆయన ఏ కథా ముట్టుకోడు. అందుకే ఇన్నేళ్లయినా ‘చంద్రశిల’ తెరవనే లేదు.

“నిన్నటిదాకా రాజు పుట్టుకే మొదటిది మామయ్యా. ఇవాళ ఆయన ముత్తాత మీద ఆట వచ్చింది.”

“సర్లే, రేపు చూద్దాం.”

రేపటికి ఇంతకన్నా పాత కాలపు కథ వస్తుంది. ఆయన చూపేమో వేసవి దాకా ఉంటే గొప్పేనని డాక్టరు చెప్పాడు. ప్రసూనకు ప్రాణం విసిగిపోయింది. చేతికందిన పుస్తకం తీసి ఆయన ఒళ్లో పెట్టింది.

“ఇదే మొదటిది. దీనికి ముందు ఇంకేం రాదు.”

తప్పు వరస చెప్పడం ఆమెకు ఉద్యోగంలో అదే తొలిసారి.

ఆయన అద్దాలు తుడుచుకుని పుస్తకం తెరిచాడు. మొదటి పేజీలోనే రాజుగారి శవయాత్ర.

“ఇదే మొదటిదైతే ఈయనింకా పుట్టనే కూడదు కదమ్మా?”

ప్రసూన ఇంకో బీరకాయ అందుకుంది.

“పోన్లే, మొదలైంది కదా” అని ఆయన పేజీ తిప్పాడు.