ఎక్కని ఉయ్యాల

“మీరెక్కితే తాడుతో పాటు కొమ్మ కూడా దిగొస్తుందండీ!”

ఫణిశ్రీ మాటకి, అట్లతద్ది ఉయ్యాల చుట్టూ చేరిన ఆడవాళ్ళంతా ఫక్కున నవ్వారు.

ఉయ్యాల తాడు పట్టుకున్న ప్రసన్నకుమారి కూడా నవ్వింది. తాడు మాత్రం వదిలేసింది.

“ఉప్పాడ బ్రాంచికి ట్రాన్స్‌ఫరైందండి. మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోతున్నాను. చిన్నప్పుడెప్పుడో ఊగాను, ఒక్కసారి సరదా తీర్చుకుందామని...”

“అసలే బీపీ, షుగరూ ఉన్నవాళ్ళు. మీకెందుకండీ ఈ సాహసాలు?”

“నాకా? అవేం లేవండి.”

“ఆ ఒంటికి లేకపోవడమేంటి, విడ్డూరం!”

ఫణిశ్రీ కడుపుమంట వేరు. బ్యాంకులో ఆమె భర్త మణిశంకర్ పక్క సీటే ప్రసన్నకుమారిది. ఆవిడ వీధిలో కనబడితే చాలు, స్కూటర్ దిగి మరీ నమస్కారం పెడతాడు. పెరట్లో పనసపండు కోస్తే మొదటి గిన్నె ఆవిడకే. జాజితీగలాంటి పెళ్ళాం ఇంట్లో ఉండగా, ఆ ధాన్యం బస్తాకేంటి అంత మర్యాద?

అడిగితే, “మంచావిడ” అంటాడు. అంతే.

ఫణిశ్రీ కసిగా ఉయ్యాలెక్కింది.

“గట్టిగా ఊపండే!”

తెల్లవారుజామున అందరూ కూర్చుని గోంగూర పచ్చడీ, పెరుగన్నమూ తింటే, నడుము లావెక్కుతుందని తను ముద్ద ముట్టలేదు.

ఉయ్యాల కొమ్మ దాకా లేచింది. ఫణిశ్రీ కళ్ళు బైర్లు కమ్మాయి. చేతులు తాళ్ళు వదిలేశాయి.

కింద పడలేదు. రెండు బలమైన చేతులు గాల్లోనే అందుకున్నాయి.

కళ్ళు తెరిచేసరికి డాక్టర్ భాస్కరంగారి ఆసుపత్రి. చేతికి సెలైన్. పక్కన మణిశంకర్.

“ఎవరు తీసుకొచ్చారు?”

“మేడమ్‌గారు. రిక్షా కోసం కూడా చూడకుండా, పసిపిల్లలా ఎత్తుకుని పరుగెత్తుకొచ్చారు.”

“మీరు దండం పెట్టే ఉంటారు.”

“పెట్టాను.”

“పడిపోయింది నేను. దండం ఆవిడకి!” ఫణిశ్రీ మొహం గోడవైపు తిప్పుకుంది. “ఏరీ ఆ మహాతల్లి?”

“బస్సు టైమైందని వెళ్ళిపోయారు.”

భాస్కరంగారు లోపలికొచ్చారు.

“రక్తం మళ్ళీ అడుగంటిందమ్మా. కాన్పప్పుడు అంత చెప్పినా తిండి మానడమేనా?”

“సన్నగా ఉన్నవాళ్ళకి జబ్బులేంటి డాక్టర్‌గారూ? నన్ను మోసుకొచ్చిందే, ఆవిడకి చెయ్యండి టెస్టులు. రోగాల పుట్ట!”

డాక్టర్ మణిశంకర్ వైపు చూశారు. “ఇంకా చెప్పలేదేంటయ్యా?”

“మేడమ్‌గారు ఒట్టు వేయించుకున్నారండి. తెలిస్తే, ఎదురుపడ్డప్పుడల్లా ఈవిడ మొహమాటపడుతుందని.”

“ఏంటది?” ఫణిశ్రీ లేచి కూర్చుంది.

“ఆవిడకి టెస్టులన్నీ ఎప్పుడో చేశానమ్మా,” అన్నారు భాస్కరంగారు, సెలైన్ సరిచేస్తూ. “కాన్పులో నువ్వు చేజారిపోతుంటే, అప్పటికి ముక్కూమొహం తెలియని నీకోసం రక్తమిచ్చింది ఆవిడే.”